దుంగ ఇంకా తేలుతోంది

హలో… ఆ, నేనేలే అక్కా. నా ఫోన్లో ఇంకెవరు పలుకుతారు?

…

చేతులకి పిండి ఉంది, స్పీకర్లో పెట్టాను. చెప్పు.

…

లేదు, లేచి చాలాసేపయింది. ఆదివారమైతే మాత్రం మధ్యాహ్నం దాకా పడుకుంటానా?

…

ఓహో, అందుకా. నిన్న ఔలు సంత నుంచి వచ్చి బస్సు దిగగానే చేస్తావనుకున్నా. పొద్దుటి దాకా ఆగావంటే నీ ఓపికకి దండం పెట్టాలి.

…

తినలేదా. ఏమీనా… కాఫీ కూడానా? ఎక్కడున్నాడు మరి?

…

సౌనాలోనా, ఆ ఆవిరి స్నానాల గదిలోనా. ఈ వేళప్పుడు ఎవరు వేడి చేశారు?

…

వేడి చెయ్యలేదా. అంటే చల్లటి సౌనాలో, కోటు వేసుకుని, బల్ల మీద కూర్చున్నాడు బావ. అక్కా, ఈ దేశంలో ఎవరైనా పొయ్యి వెలిగించకుండా సౌనాలో కూర్చున్నారంటే… నవ్వట్లేదు. నవ్వట్లేదే, పిండి పిసుకుతున్నా, ఆ చప్పుడు.

…

ఏమన్నాడు? … మళ్లీ చెప్పు. … అసూయా? నాకా? బావంటేనా?

…

"పరువు తియ్యాలని మిర్వ ఎప్పట్నుంచో కాచుకుని ఉంది" అన్నాడా. బాగుంది. మీ ఆయన పరువు నేను తియ్యలేదు అక్కా. ఆయనే దాన్ని తీసుకెళ్లి ఒక గుడ్డ కింద దాచుకున్నాడు. నేను గుడ్డ ఎత్తానంతే.

…

ఏ ప్లగ్గు? … తప్పు ప్లగ్గు పీకానని చెప్పాడా నీతో?

కాదు. సరైన ప్లగ్గే పీకాను. గొడవంతా అందుకే.

…

నువ్వు అరిస్తే నేను పెట్టేస్తాను. … లేదు, నువ్వు అక్కడ లేవు. నువ్వు ఔలు సంతలో నూలు అమ్ముకుంటున్నావు. నీకు తెలిసిందంతా ఆ సౌనాలో కూర్చున్న మనిషి చెప్పిందే. కాబట్టి మొదట్నుంచీ నేను చెప్తాను, విను. మధ్యలో ఏడిస్తే మళ్లీ మొదటికొస్తా.

…

ఫిబ్రవరిలో బావ మా ఇంటికొచ్చాడా, పొగబెట్టిన చేప పట్టుకుని… తెలుసుగా. బావ చేప తెచ్చాడంటే పని పడిందని మన ఇంట్లో కుక్కకి కూడా తెలుసు. కూర్చున్నాడు. చేప గురించి కాసేపు చెప్పాడు. ఆ తర్వాత, సోర్స తయారైంది మిర్వా, అన్నాడు.

సోర్స. బాతు. పేరు బాగానే పెట్టారు. నీళ్లలో ఈదుతుంది, నేల మీద నడుస్తుంది, గాల్లో ఎగురుతుంది, కంప్యూటర్లో మా సిస్టమ్ కూడా అంతే, ఏ పాత ప్రోగ్రామైనా అందులో పెట్టు, యథాతథంగా నడుస్తుంది అన్నాడు. గోడల మీద అంటించిన కాగితంలోనూ బాతు బొమ్మ కింద అదే రాశారు, "మీ పాతది ఏదీ పోదు" అని.

…

ఆయన కష్టాన్ని నేనేమీ అనట్లేదు. పనిచేసే ఫ్యాక్టరీ మూసేశాక బావ, ఆ తోటివాళ్లిద్దరూ కలిసి ముగ్గురూ నేలమాళిగలో కూర్చుని నాలుగేళ్లు తల పగలగొట్టుకున్నారు, నాకు తెలుసు. ఆ మాట ఎక్కడైనా చెప్తాను. నేను చెప్పేది నిన్నటి సంగతి.

మన ఊళ్లో ఇప్పుడు వాడుతున్న సిస్టమ్‌ని దాన్ని చేసినవాళ్లే వదిలేశారు కదా. స్కూళ్లు, ఆసుపత్రి, నేను పనిచేసే డే సెంటరు, అన్నీ ఏదో ఒక కొత్తదానికి మారాలి. నగరసభ వాళ్లకి ఒకటే భయం, మారితే పాత ప్రోగ్రాములన్నీ ఏమవుతాయని. బావకి కావలసిందీ ఆ భయమే. కల్చర్ హాల్లో ఒక ప్రదర్శన పెడతాం, అందరి ముందూ ఒక పాత ప్రోగ్రాం నడిపి చూపిస్తాం అన్నాడు. ఆఫీసు లెక్కల ప్రోగ్రాం చూపిస్తే జనం నిద్రపోతారట. అందుకని ఆట. ఏ ఆట?

…

ఆ. కొస్కి. ఇంకేముంటుంది. నది మీద దుంగ, దుంగ మీద మనిషి, చేతిలో గెడ. ఊళ్లో మన వయసువాళ్లలో అది ఆడనివాళ్లు ఎవరు? తంపెరెలో ఆ ఆట పోటీలో నేను గెలిచినప్పుడు పేపర్లో వేసిన ఫోటో కూడా బావ దగ్గరుంది. "దుంగ మీద నిలబడ్డ పిల్ల." ఆ ఫోటో కూడా బాతు పక్కన అచ్చేశారు. ఇప్పుడు చూస్తే నాకే జాలేస్తుంది ఆ పిల్లని చూసి.

నేను ఒక్కటే అడిగాను. బావా, నడుస్తుందా? ఎందుకంటే అది దయ్యం లాంటి ఆట. మొదలయ్యే ముందు లోపలికంటా తొంగి చూస్తుంది, పెట్టిన డిస్కు అసలుదా, కాపీనా అని. కొత్త సిస్టమ్‌లు ఏవీ అంత లోతుకి ఎవర్నీ తొంగి చూడనివ్వవు. దొంగలొస్తారని. ఈ ఆటేమో దొంగెవరో దొరెవరో తేల్చుకుంటే గానీ కాలు కదపదు. కొత్త కంప్యూటర్ కొన్న ప్రతివాడూ దీంతో తల బాదుకున్నవాడే.

ఏమన్నాడో తెలుసా? "అదంతా దాటేశాం" అని నా భుజం తట్టాడు. తట్టి, చేప ముక్క ఇంకోటి నా ప్లేట్లో వేశాడు.

…

అడిగాను. మా ఇంట్లో మిషన్ మీద ఒకసారి పెట్టివ్వు, అలవాటు చేసుకుంటానన్నా. వచ్చే వారం మనిషిని పంపిస్తానన్నాడు. ఆ వారం ఇప్పటికీ రాలేదు. అటక మీంచి నా పాత డబ్బా దించుకుని దాని మీదే ఆడుకున్నా. అప్పుడైనా నాకు వెలగాలి. వెలగలేదు. బావ కదా.

ఇంకోటి ఉంది, ఇది జాగ్రత్తగా విను. డే సెంటరుకి ఎస్కో వస్తాడు. దుంగల లారీ నడిపేవాడు, కైసా వాళ్లాయన… ఆ, అతనే. పక్షవాతం వచ్చాక మాట లేదు. ఒక్క వేలు కదులుతుంది. ఆ వేలితో ఒక మీట నొక్కుతాడు, అక్షరం అక్షరం కూడి మాటవుతుంది, మిషను దాన్ని పైకి చదువుతుంది. ఆ ప్రోగ్రాం ఎప్పటిదో. చేసిన కంపెనీ కూడా లేదిప్పుడు, అడగడానికి. వరండాలో కైసా నన్ను పట్టుకుని అడిగింది, సిస్టమ్‌లు మార్చేస్తారట, మా ఆయన మాట ఏమవుతుంది మిర్వా, అని.

నేనేమన్నాను? మా బావ చేస్తున్నాడు, నడుస్తుంది అన్నాను. నా నోటితో.

…

వస్తున్నా, హాల్లోకే వస్తున్నా.

జనం బాగానే వచ్చారు. కాఫీ, తియ్య బన్నులు, బాతు బొమ్మ స్టిక్కర్లు. ముందు వరసలో నగరసభ తరఫున హర్కొనెన్ గారు, మెడలో కళ్లజోడు వేలాడేసుకుని. ఏం కొనాలో తేల్చేది ఆవిడేనట. స్టేజీ మీద బల్ల. బల్ల మీద నేల దాకా నల్ల గుడ్డ. దాని మీద చిన్న తెల్ల పెట్టె, రొట్టెముక్కంత మందం, ముందు బాతు వెలుగుతోంది. కొత్త కంప్యూటర్ అదే. వెనకాల గోడంత స్క్రీను.

బావ మాట్లాడాడు. బాగానే మాట్లాడాడు, కాదనను. బూడిద రంగు కోటు వేసుకున్నాడు, నువ్వు ఇస్త్రీ చేసి వెళ్లావేమో. నన్ను పిలిచాడు. కూర్చున్నాను. ఆట తెరుచుకుంది.

నిజం చెప్తున్నా అక్కా, ఆ ఒక్క నిమిషం బావంటే నాకు గర్వమేసింది. ఆ పాత పాట మోగింది, దుంగ నీళ్లలో పడింది, జనం కేకలేశారు. మన మనిషి సాధించాడు అనుకున్నా.

…

ఆ తర్వాత మూడో ఉరవడి వచ్చింది. అక్కడ ఆ ఆట ఎప్పుడూ అర ఊపిరి ఆగుతుంది, డిస్కులోంచి తర్వాతి భాగం తెచ్చుకోవడానికి. ఎప్పుడూ ఆగుతుంది. ఆగింది. నా కాళ్ల దగ్గర గుర్‌ర్ అని చప్పుడైంది. పిక్కలకి వెచ్చటి గాలి తగిలింది.

అక్కా, ఆ తెల్ల పెట్టెకి డిస్కు పెట్టే చోటే లేదు. నోరే లేని పెట్టె. నమిలిన చప్పుడు ఎక్కణ్ణుంచి వచ్చింది?

…

ఆ చప్పుడు నాకు తెలియకపోవడమేంటి. దానితోనే పెరిగాను. గోడ అవతల నుంచి నువ్వు తిట్టేదానివి, ఆ గుర్రు ఆపు, నిద్ర పట్టట్లేదని.

…

ఏం చేస్తాను, ఆడాను. చివరి దాకా ఆడాను. చేతులు ఆడుతూనే ఉన్నాయి. బావ పక్కనే నిలబడి నవ్వుతున్నాడు, పళ్లు ఎండిపోయిన నవ్వు. అప్పుడనుకున్నా, కానియ్, అయిపోనీ, సాయంత్రం వాళ్లింటికి వెళ్లి వంటింట్లో నిలబెట్టి కడిగేద్దాం. నీ మొహం చూసి ఊరుకునేదాన్ని. ఒట్టు. చప్పట్లు కొట్టారు, నేను కూడా తలొంచి దండం పెట్టాను, సిగ్గులేకుండా.

ఆ మైకు ఇచ్చాడు చూడు. అదొక్కటి ఇవ్వకపోయి ఉంటే ఈ పాటికి మీ ఆయన వేడి సౌనాలో ఉండేవాడు.

…

మైకే. ప్రశ్నలుంటే అడగండి అన్నాడు. కైసా లేచింది. పక్కన చక్రాల కుర్చీలో ఎస్కో. మా ఆయన మాట్లాడే ప్రోగ్రాం దీంట్లో నడుస్తుందా, అని అడిగింది. అంతే, ఒక్క ముక్క. బావేమన్నాడంటే, మీ కళ్లతో మీరే చూశారు కదమ్మా, ఇంత మొండి ఆటే నడిచింది, మీదెంత? నమ్మకం లేకపోతే మిర్వని అడగండి, మీకు తెలిసిన మనిషే, తన చేతులతో ఆడింది. అని, మైకు తెచ్చి నా చేతిలో పెట్టాడు.

కైసా నన్నే చూస్తోంది. ఎస్కో నన్నే చూస్తున్నాడు.

చెప్పు, ఏమనాలి నేను? నడుస్తుంది అనాలా? రేపు వాళ్ల మిషను మారుస్తారు, ఎస్కో వేలితో నొక్కుతాడు, ఏమీ పలకదు. అప్పుడు వచ్చి నన్నేమని అడుగుతాడు? అడగలేడు కూడా.

…

లేదు, ఏమీ అనలేదు. నాకు ఉపన్యాసాలు రావు. మళ్లీ కూర్చుని ఆట మొదలుపెట్టాను. దుంగ నది మధ్యకి వచ్చేదాకా ఆగాను. లేచి, తెల్ల పెట్టె ప్లగ్గు పీకాను. పెట్టె మీద బాతు ఆరిపోయింది.

దుంగ వెళ్తూనే ఉంది. గోడంత స్క్రీను మీద, మనిషి గెడ పట్టుకుని, అటూ ఇటూ ఊగుతూ, హాయిగా. తల తెగినా మొండెం నడిచినట్టు.

…

ఎవరికీ ముందు అర్థం కాలేదు. నా చేతిలో మైకు ఉందిగా, నది చప్పుడు హాలంతా వినిపిస్తోంది. బావ గొంతు సవరించుకుని, "అది… బ్యాకప్" అన్నాడు. హర్కొనెన్ గారు కళ్లజోడు పెట్టుకున్నారు. దేనికి బ్యాకప్, అని అడిగారు, చాలా మర్యాదగా. అప్పుడు గుడ్డ ఎత్తాను. కింద బండలాంటి పాత పెట్టె, పాత సిస్టమ్, డిస్కు దీపం మిణుకు మిణుకుమంటూ. నేనన్నది ఒక్కటే. "నడుస్తున్నది ఇది. అది కాదు." అంతకంటే ఒక్క మాట ఎక్కువ అన్నానని ఎవరైనా చెబితే తీసుకురా.

…

ఉండు, నవ్వు సంగతి చెప్పనీ. నేను నవ్వించలేదు. హాలంతా బిగుసుకుపోయి ఉంది. అప్పుడు టిక్కు… టిక్కు… అని చప్పుడు. ఎస్కో నొక్కుతున్నాడు. అతను నొక్కుతుంటే ఆగాలని సెంటరులో మా అందరికీ అలవాటు. హాల్లో వాళ్లు కూడా ఆగారు, ఎందుకో. హర్కొనెన్ గారు కూడా ఆగారు. చివరికి ఆ మిషను, ఏ భావమూ లేని గొంతుతో, "దుంగ ఇంకా తేలుతోంది" అంది.

అదీ నవ్వు. అందరూ నవ్వారు. కైసా తప్ప. బావ పక్క తలుపులోంచి వెళ్లిపోయాడు, టోపీ కూడా తీసుకోకుండా. నా దగ్గరే ఉంది, తర్వాత ఇస్తాలే.

…

కైసా నాతో మాట్లాడలేదు అక్కా. కోటు తొడుక్కుంది, కుర్చీ తోసుకుంటూ నా ముందు నుంచే వెళ్లిపోయింది. మీ ఆయనకి పోయింది ఒప్పందం. నాకు పోయింది అది.

…

ఏ కాగితం? … బావ రాశాడా, నా తరఫున, నగరసభకి? చదువు. … కాస్త గట్టిగా.

…

"సాంకేతిక ఏర్పాట్ల మీద అవగాహన లేక." అవగాహన లేనిది నాకు. "అదనపు యంత్రాన్ని పొరపాటున." సంతకం నాది పెట్టాలా? భలే. ఆడలేక మద్దెలోడన్నాడట ఒకడు. ఇక్కడ ఆడినదాన్ని నేను, మద్దెల ఆయనది, ఓడు మాత్రం నాకు అంటగడుతున్నాడు.

పెట్టను. … పెట్టనంటే పెట్టను. నువ్వడిగినా పెట్టను, నువ్వడుగుతున్నావు కాబట్టి అసలే పెట్టను.

…

ఆట ఒక్కటే నడవలేదా. మిగతావన్నీ నడుస్తాయా. ఎవరు చెప్పారు? … బావ. బావకెవరు చెప్పారు?

…

నిన్న పొద్దున కూడా హాల్లో కూర్చుని తంటాలు పడ్డాడా. సరే, పడ్డాడు. నడవలేదని తెలిశాక ఇంకో ఆట పెట్టుకోవచ్చుగా. … ఫోటో అచ్చేశారని. ఫోటో కోసం ఊరందరి చెవిలో పూలు పెట్టాలా?

…

అబ్బా, ఆపు. "వేరేవి నడుస్తాయి, మా ఇంట్లో నడుస్తోంది" అని ఆయన హాల్లో కూడా చదివాడు ఆ పాఠం. మా ఆవిడ నూలు కొట్టుకి వెళ్లి చూడండి, క్రిస్మస్ నుంచి సోర్స మీదే ఉంది, డిజైన్లు గీసే పాత ప్రోగ్రాం వెన్నలా నడుస్తోంది అన్నాడు. సరే, అది నిజమే అనుకుందాం, నేను కూడా చూశాను కాబట్టి. అదొక్కటి నడిచినంత మాత్రాన—

హలో?

… అక్కా? లైన్లో ఉన్నావా?

…

ఎందుకాగావు?

…

నడవట్లేదా.

…

నీ కొట్లో. నీ కంప్యూటర్లో. … ఎప్పట్నుంచి?

…

పెట్టిన మూడో రోజు నుంచే. మరి నేను పోయిన వారం ఉన్ని కోసం వచ్చినప్పుడు బాతు కనిపించింది కదే స్క్రీన్ మీద, రెక్కలు చాపుకుని?

…

బొమ్మ. … వట్టి బొమ్మ. కింద పాత సిస్టమే. కంప్యూటర్ని సోత్కమో ఊరికి తీసుకెళ్లి, ఈ ఊళ్లో ఎవరికీ తెలియకుండా, రిపేరు కొట్లో పాతదే మళ్లీ వేయించుకుని, దాని మీద బాతు బొమ్మ అంటించావు.

పైన పటారం, లోన లొటారం.

…

ఉండు. చెయ్యి కడుక్కోనీ. … ఆ, చెప్పు. అసలేమైంది?

…

గళ్లు గీస్తే బాగానే వస్తాయి. … ప్రింటు తీస్తే ఒక వరస పక్కకి జరుగుతుందా. ప్రతిసారీనా? … చేతితొడుగుల డిజైనా. జింకలదా. అంటే తలలొక చోట, కాళ్లొక చోట. … ఎవరో కొనుక్కుని వెళ్లి అలాగే అల్లేశారా? పాపం, రెండు తలల జింక.

నవ్వలేదు. ఈసారి నిజంగానే నవ్వలేదు.

…

మరి చెప్పాలి కదా ఆయనకి. జింకలు ఇలా తెగిపోతున్నాయి, చూడు, అని ఒక్క మాట.

…

హుషారుగా ఈల వేశాడా. … ఆ రోజు, నీ కంప్యూటర్లో పెడుతూ. … అంటే ఫ్యాక్టరీ మూసేశాక మొదటిసారా.

…

ఊఁ.

…

ఊఁ. వింటున్నా.

…

తెలుసక్కా. అర్థమైంది. కానీ నువ్వు నా నోరు మూయించడానికి చెప్తున్నట్టుంది, నా నోరు మూతపడదు. గంతకు తగ్గ బొంత మీరిద్దరూ. ఆయన ఊరికి చూపించడానికి గుడ్డ కింద దాచాడు, నువ్వు ఆయనకి చూపించడానికి బొమ్మ వెనక దాచావు. మధ్యలో మైకు నా చేతికొచ్చింది.

…

ఆగు. ఒక్క నిమిషం ఆగు.

అంటే బావ… కైసాకి నడుస్తుందని చెప్పినప్పుడు, నడుస్తుందనే అనుకుని చెప్పాడు.

…

ఆట ఒక్కటే మొండికేసింది, మిగతా ప్రపంచమంతా నీ కొట్టులాగే బాగుంది అనుకున్నాడు. అందుకే అంత ధైర్యంగా మైకు ఇచ్చాడు నాకు. నేనింకా, ఇంత ఘోరంగా అబద్ధమాడి కన్ను కూడా ఆర్పట్లేదేంటి ఈ మనిషి, అనుకున్నా.

…

నేను ఆయన్ని వెనకేసుకు రావట్లేదు. బల్ల కింద పెట్టింది పెట్టిందే. అది మోసమే, దానికి వేరే పేరు లేదు. కాకపోతే ఎంత మోసం చేస్తున్నాడో ఆయనకే తెలియదు, ఆ మిగతా సగం నీ దగ్గరుంది.

నువ్వు ఆ రోజే చెప్పి ఉంటే ఏమయ్యేది? రెండ్రోజులు మొహం మాడ్చుకునేవాడు. ఆ తర్వాత ముగ్గురూ కిందకి దిగి జింకలకి తలలు అతికించేవాళ్లు. అతికించలేకపోతే, అలా రాయకుండానైనా ఉండేవాళ్లు, ఏదీ పోదని. నువ్వు జాలిపడ్డావు. జాలిపడితే ఏ ప్రోగ్రామైనా బాగుపడుతుందా?

…

ఏడువు. కాసేపు ఏడువు. కానీ ఏడుస్తూ బూట్లు వేసుకో.

…

ఇప్పుడే. ఆయన సౌనాలో ఉండగానే. … లేదు, ఫోన్ పెట్టేయకు. జేబులో వేసుకో. పెట్టేస్తే నువ్వు చెప్పవు, భోజనమయ్యాక చెప్తానంటావు, ఆ తర్వాత ఈస్టర్ అంటావు. నాకు తెలియదా నీ సంగతి.

… వేసుకున్నావా?

…

మంచు చప్పుడు వినిపిస్తోంది. నెమ్మది, సౌనా మెట్ల దగ్గర జారుతుంది.

…

…

తలుపు. …

…

అక్కా, గొణగకు. నాకే వినపడట్లేదు, ఆయనకేం వినపడుతుంది?

…

వాతావరణం గురించి కాదు. జింకల గురించి చెప్పు.

…

…

…

ఏమైంది? … హలో? … ఎవరు?

బావా.

…

ఆ. వింటూనే ఉన్నాను, మొత్తం.

…

నన్నడుగుతావేంటి, ఆవిణ్ణడుగు. పక్కనే ఉందిగా. … ఒక వరస అంది. కుడికో ఎడమకో నాకేం తెలుసు. … స్క్రీన్ మీద బాగానే ఉంటుందట, ప్రింటులోనేనట.

…

ఆ. … ఆ. … నువ్వు చెప్పేది నాకు సగం అర్థం కాదు బావా. కానీ ఈ ప్రశ్న నువ్వు క్రిస్మస్‌కి అడగాల్సింది. ఎలా ఉందే, బాగుందా, అని కాదు. ఎక్కడ తెగుతోంది, అని. నువ్వు బాగుందా అన్నావు, ఆవిడ బాగుందంది.

…

లేదు. తిట్టకు. ఆవిణ్ణి తిట్టే హక్కు ఇవాళ నీకు లేదు, నాకుంది, నేను తిట్టేశాను. సరిపోతుంది.

…

కాగితం సంగతి తెలుసు. సంతకం పెట్టను. … చింపేశావా? … ఇప్పుడా, ఆ చప్పుడు అదేనా. సరే.

…

నగరసభ ఆవిడ నాకు ఫోన్ చెయ్యలేదు. హర్కొనెన్ గారు నాకెందుకు చేస్తారు? నువ్వే వెళ్లాలి. ఫోన్లో కాదు. రేపు ఆఫీసు తెరవగానే వెళ్లి చెప్పు. ఆట నడవలేదు, కింద వేరేది పెట్టాను. నా భార్య కొట్లోదీ నడవలేదు. మిగతావి నడుస్తాయో లేదో నాకు తెలియదు.

… అవును, తెలియదు అనే చెప్పు. నాలుగేళ్లలో ఆ మాట ఒక్కసారి నీ నోట్లోంచి వినలేదు నేను.

…

ఒప్పందం ఇవ్వకపోతే ఇవ్వరు. మోసగాణ్ణి ఇంట్లోకి ఎవరు రానిస్తారు? … అంటాను. అనకుండా ఎలా ఉంటాను, చేసింది అదేగా.

…

ఎస్కోకి కోపం లేదు. అతనికి నీ వల్ల మంచి జోకు దొరికింది, ఈ వసంతమంతా చెప్పుకుంటాడు. కైసాకి ఉంది. ఆమె దగ్గరికి కూడా వెళ్లు. ఆ మాట్లాడే ప్రోగ్రాం ఒక కాపీ ఇస్తారా అని అడుగు. ఇస్తే తెచ్చి నీ బాతులో పెట్టి చూడు. నడిస్తే నడిచిందని చెప్పు, నడవకపోతే నడవలేదని చెప్పు. తలుపు తియ్యకపోతే తిరిగి రా. అంతే.

…

నేనా? నేనెందుకు?

… రాను.

… రానన్నానా.

…

బావా, నీకు సిగ్గుంటే ఈ మాట అడగకూడదు. ఊరందరి ముందు నా చేతికి మైకు ఇచ్చి అబద్ధం చెప్పమన్నావు. ఇప్పుడు తోడు రమ్మంటున్నావు, స్కూలుకెళ్లే పిల్లాడిలా.

…

…

ఎన్నింటికి తెరుస్తారు?

… ఎనిమిదికా. నాకు తొమ్మిదికి డ్యూటీ.

…

సరే. ఆఫీసు ఎదురుగా బండి ఆపుతాను. లోపలికి రాను. నువ్వు నిజంగా వెళ్లావో లేదో చూడటానికి, అందుకే. ఇంజన్ కూడా ఆపను.

…

దండాలేమీ వద్దు. ముందు అక్కని ఆ చలిలోంచి ఇంట్లోకి తీసుకెళ్లు. కాఫీ పెట్టు. నువ్వు పెట్టు, ఆవిడ కాదు.

…

ఎక్కువసేపు పడితే? ఎంతసేపు పడుతుంది నిజం చెప్పడానికి… సరేలే. పడితే దిగి వరండాలో నిలబడతాను. లోపలికి మాత్రం రాను.

…

పెట్టెయ్ బావా.

… నువ్వే పెట్టెయ్.

—